ఆఖరి బిళ్ల

పాల్వంచ దాటి అడవి మొదలయ్యేసరికి ముదస్సిర్ అటూ ఇటూ చూశాడు. మబ్బు కమ్మి పట్టపగలే చీకటైనా రోడ్డు పక్క ఒక్క కొట్లోనూ లైటు వెలగడం లేదు.

కరెంటు లేదు!

వానలో బైకును ఇంకా తొందరపెట్టాడు. జనరేటర్‌లో కాలిపోయిన పార్టుకు బదులు ఖమ్మంలో దొరికిన కొత్తది చొక్కా లోపల పెట్టుకుని ఉన్నాడు.

షెడ్డులో అతని భార్య సుమయ్య కరెంటు ఫర్నేసు ముందు నేలమీదే కూర్చుని ఉంది. తలనుంచి నీళ్లు కారుతున్నాయి. కాళ్ల నిండా బురద. బయట జనరేటర్‌తో కుస్తీ పట్టి ఉంటుందనుకున్నాడు.

"ఎంతసేపైంది పోయి?"

"చానాసేపైంది."

బ్యాటరీ మీద నడుస్తున్న డబ్బాలో వేడి చూపే అంకె గబగబా పడిపోతోంది. పొద్దుగూకేదాకా మెల్లగా దిగాల్సిన అంకె అది.

లోపల ఉన్నది అరచేయంత సిరామిక్ బిళ్ల. జిర్కోనియం బోరైడ్. రాకెట్ మంటను కూడా లెక్కచేయని రకం. కానీ దాన్ని ఎక్కడైనా బిగించాలంటే ముందు ఒక లోహపు రింగుకు అతకాలి. మధ్యలో వెండి, రాగి, కాస్త టైటానియం కలిసిన పల్చటి రేకు పెట్టి కరిగిస్తే రెండూ అతుక్కుంటాయి. అసలు చిక్కంతా ఆ తర్వాతే. చల్లారేటప్పుడు లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, సిరామిక్ తక్కువ. నిదానంగా చల్లారిస్తే ఆ లాగుడును మధ్యలోని రేకు ఓర్చుకుంటుంది. తొందరైతే సిరామిక్ పగిలిపోతుంది.

హైదరాబాద్ ల్యాబువాళ్లు ఇచ్చిన వాటిలో ఇదే ఆఖరి బిళ్ల. మిగతావన్నీ పగిలాయి. ఇదీ పోతే పని వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఈ పని కోసమే సుమయ్య ఉద్యోగం మానేసింది. ఈ పని కోసమే ముదస్సిర్ తన తండ్రి అహ్మద్ పాషా ఖమ్మంలో పెట్టిన రేడియేటర్ల షాపు మూసేసి, ఈ అడవి అంచున షెడ్డు వేశాడు.

"టార్చి పట్టు" అన్నాడు.

జనరేటర్ మూత తీశాడు. ఒక స్క్రూ బురదలో పడింది. వెతికే ఓపిక లేక వదిలేశాడు. వైర్లు కలిపి తాడు లాగాడు. దగ్గింది. మళ్లీ లాగాడు. ఈసారి అందుకుంది.

ఇద్దరూ లోపలికి పరుగెత్తారు. అంకె ఆగింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా పైకి కదిలింది.

"అల్లా..." అన్నాడు ముదస్సిర్. ఫర్నేసుకున్న చిన్న అద్దానికి కన్ను ఆనించాడు.

ఎర్రగా కాలుతున్న బిళ్ల. రింగు గట్టిగా పట్టుకునే ఉంది. అతుకు అద్భుతంగా కుదిరింది. కానీ బిళ్లకు ఈ అంచునుంచి ఆ అంచుదాకా వెంట్రుకంత నల్లటి గీత.

అతను అద్దం దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

"నువ్వు చూడవా?"

"ఏం జూసుడు. నీ ముఖంల కనవడ్తనే ఉన్నది."

అతని కోపం ఒక్కసారిగా పొంగింది.

"ఆ దూలయ్య! సబ్‌స్టేషన్ల ఆయన తప్ప ఇంకెవరు బంద్ చేస్తరు? పొద్దున పోయి ఎంత బతిమాలిన! ఇయ్యాల పొద్దుగూకేదాంక లైను ముట్ట సార్ అని మాటిచ్చిండు గద!"

"పోనీ."

"ఎట్ల పోనిస్త? మన బతుకే పాయె!"

"ఆయన్నేమనకు" అంది సుమయ్య. "నా మీదొట్టు."

అతను విననట్టే బయటికి నడిచాడు.

షెడ్డు వెనక వంకలో పదిమందిదాకా గుమిగూడి ఉన్నారు. గాలికి విరిగిన జామాయిల్ కొమ్మ, షెడ్డు దాటి గూడేనికి పోయే కరెంటు తీగల మీద పడింది. తెగిన తీగ నీళ్లలో వేలాడుతోంది. పక్కనే ఒక మేక కాళ్లు చాపి చచ్చిపడి ఉంది. గూడెంలో మేకలు కాసే కొండమ్మ ఒడ్డున కూర్చుని గజగజ వణుకుతోంది.

"ముందుగాల వోయిన మేక గిలగిల కొట్టుకొని పడ్డది బిడ్డా" అంది ముదస్సిర్‌ను చూసి. "నేను రాయి మీద నిలవడ్డ. ఎటు అడుగేసినా నీళ్లే. రాయి జారవట్టె. ఇగ పడ్తున్న అనుకున్న. గప్పుడే కరెంట్ బంద్ అయిందట. నీళ్లల్ల పడ్డ గని నాకేం గాలె."

ముదస్సిర్ చేయి అందించాడు. ఆమెను లేపి షెడ్డు దాకా నడిపించి, సుమయ్యకు అప్పగించాడు. సుమయ్య ఆమెను గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, బిళ్ల పోయిన దుఃఖం ఇప్పుడు బయటపడుతోంది అనుకున్నాడు.

మళ్లీ బైకెక్కాడు. సబ్‌స్టేషన్‌లో అతన్ని చూడగానే దూలయ్య లేచి నిలబడ్డాడు.

ముదస్సిర్ అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కొండమ్మను చూసొచ్చిన దూలన్నా. నువ్వు బంద్ చేసినందుకే ముసలామె బతికింది. నిన్ను అనెటందుకు ఏం లేదు."

దూలయ్య తల ఊపాడు.

"ఒక్కటే బాధ. ఆపేముందు మా సుమయ్యకు ఒక్క మాట చెప్పొద్దా? షెడ్డుల ఒక్కతే ఉండె. ఉన్నట్టుండి కరెంట్ పోతే ఆ పిల్ల పానం ఎంత కొట్టుకున్నదో."

దూలయ్య అతని వైపు వింతగా చూశాడు.

"తీగ తెగింది నాకెట్ల తెలుస్తది సార్, ఉన్నపళంగ బంద్ చెయ్యన్నా అని ఫోన్ల మొత్తుకున్నదే మేడం గద!"