ఇస్త్రీ బల్ల మీద వెల్లింగ్టన్

"అరనిమిషం కదలకే! కదిలినవాళ్ళు ఫోటోలో పడరు," అని అరిచాడు డెస్మండ్.

కొండ మీద కెమెరా స్టాండుకు బదులు ఇస్త్రీ బల్ల, దాని మీద బియ్యం సంచి, అందులో కూరుకుని కెమెరా. కింద చీకట్లో వెల్లింగ్టన్ నగరం దీపాలు.

మీట నొక్కి, బెంచీ మీద భార్య నోలీన్ పక్కన కూర్చోబోతుంటే గాలికి టోపీ ఎగిరింది. దాని వెంట పరుగెత్తాడు. తర్వాత ఇస్త్రీ బల్ల ఊగుతుందేమోనని అటు ఉరికాడు.

ఫోటోలో దీపాలు పడ్డాయి, నోలీన్ పడింది. పక్కన ఖాళీ బెంచీ.

"నేనేమయ్యానే?"

"ఏముంది? మన కాపురం అచ్చుగుద్దినట్టు పడింది."

నవ్వబోయి ఆగాడు డెస్మండ్. మళ్ళీ మీట నొక్కి వచ్చి, ఆమెను ఆనుకుని కూర్చున్నాడు. టోపీ మళ్ళీ ఎగిరింది.

"అదుగో, టోపీ!" అంది నోలీన్.

"పోనీవే," అన్నాడు, పెదవి కదపకుండా.