ఏడు లీటర్ల తొట్టి

"ఆ డబ్బా కింద పెట్టెయ్, తల్లీ!"

ఆ అరుపుకి రంగు చేపల కొట్టులో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా. ఆ మనిషి ఒక్క అంగలో వచ్చి పిచ్చుక చేతిలోని హీటర్ డబ్బా లాక్కున్నాడు.

పిచ్చుకకి ఎనిమిదేళ్లు. రోజంతా కిచకిచలాడుతుందని అమ్మ పెట్టిన పేరు అది. ఇప్పుడు మాత్రం కిచకిచలు మానేసి అమ్మ వెనక్కి వెళ్లి దాక్కుంది.

"ఎవరండీ మీరు? పిల్ల మీద పడతారేంటి?" అంది తల్లి.

బట్టలు కుట్టి ఒక్కతే పిల్లను పెంచుకొస్తోంది.

అతను, "మీ తొట్టి ఎంతుంటుందమ్మా?" అని అడిగాడు.

"ఏడు లీటర్లు," అన్నాడు కొట్టు యజమాని విసుగ్గా. "ఎనిమిది టెట్రా చేపలు తీసుకుంటున్నారు. వాటికి నీళ్లు వెచ్చగా ఉండాలి. మళ్లీ మొదలెట్టకండి, బయటికి నడవండి."

"ఏడు లీటర్లలో ఎనిమిదా? ఊపిరాడక చస్తాయి! ఒక్క ఫైటర్ చేపని వేసుకోండమ్మా. దానికి తోడు అక్కర్లేదు. మీ ఇంట్లో చలి లేకపోతే హీటరూ అక్కర్లేదు. చిన్న తొట్టిలో నీళ్లు ఇట్టే తగ్గిపోతాయి. హీటర్ నీళ్లపైకి బయటపడిందంటే దాని గాజు..."

మాట పూర్తికాకుండానే యజమాని అతన్ని గుమ్మం దాటించాడు.

తల్లి ఎనిమిది చేపలూ కొంది. హీటరూ కొంది.

ఇంటికి వెళ్తూ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఇరవై అడుగుల దూరంలో అతను.

ఆమె దారి మార్చి ఇంకో సందులోకి తిరిగింది. అతనూ తిరిగాడు.

పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని పరుగులాంటి నడక అందుకుంది. మెట్లెక్కి, గడియ పెట్టి, కిటికీ సందులోంచి చూసింది.

అతను ఎదుటి గోడ దగ్గర నిలబడి, వీళ్ల ఇల్లు ఏదా అని ఒక్కో కిటికీ వెతుకుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గొలుసు తీయకుండా తలుపు ఓరగా తెరిచింది. ఎదురుగా అతనే.

"పాప నీళ్లలో చెయ్యి పెడుతోందా అమ్మా?"



"నా పిల్ల గురించి నీకెందుకు? అరిచానంటే పదిమందీ వస్తారు!"

తలుపు ధడాలున మూసేసింది. ఆ పూట ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు. వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది.

చివరికి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నువ్వు భయపడకక్కా. రేపు బడి దగ్గరికి నేను వెళ్తాను," అన్నాడు తమ్ముడు.

వెళ్లేసరికి బడి గేటు పక్కనే ఉన్నాడా మనిషి. పిచ్చుక ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక గాజు సీసా అందిస్తున్నాడు. సీసాలో ఒక్కటే నీలం చేప.

తమ్ముడికి ఒళ్లు మండిపోయింది. కాలర్ పట్టుకుని లేవదీసి చెంప మీద కొట్టాడు. సీసా కిందపడి భళ్లున పగిలింది. చేప రోడ్డు మీద ఎగిరెగిరి పడింది. పిచ్చుక ఏడుస్తూ దాన్ని దోసిట్లోకి తీసుకుని తన నీళ్ల సీసాలో వేసింది.

"ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనిపించావంటే కాళ్లు విరగ్గొడతా!"

అతను పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు.

"కొట్టండి బాబూ. కానీ ఆ హీటర్ తీయించెయ్యండి. అదొక్కటి చాలు."

ఎవరూ తీయలేదు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున తల్లి తొట్టి దగ్గరికి వెళ్లింది. నీళ్లు బెత్తెడు తగ్గాయి. ఎనిమిది టెట్రాలూ వెల్లకిలా తేలుతున్నాయి.

పిల్ల చూడకముందే తీసేద్దామని చెయ్యి పెట్టింది.

భుజం దాకా ఎవరో కత్తితో చీల్చినట్టయింది. విసిరికొట్టినట్టు వెనక్కి వెళ్లి కుట్టు మిషను మీద పడింది.

"అమ్మా!"

పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. తేలుతున్న చేపల్ని చూసింది. "అయ్యో, నా చేపలు!" అంటూ తొట్టి మీదికి వంగింది.

వద్దని అరుద్దామంటే తల్లికి గొంతు పెగల్లేదు. నేల మీద పాకుతూ వెళ్లి గౌను అంచు పట్టి లాగింది. పిల్ల వచ్చి ఆమె ఒళ్లో పడింది. అప్పటికి ఆ చిన్న వేళ్లకీ నీళ్లకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

తమ్ముడు వచ్చి స్విచ్ ఆపేసి చూశాడు. హీటర్ గాజు మీద వెంట్రుకంత చీలిక. కరెంటు అందులోంచే నీళ్లలోకి పాకింది.

ముగ్గురూ కొట్టుకి వెళ్లారు. హీటర్ చూడగానే యజమాని స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆయన మొత్తుకునేది దీని గురించేనమ్మా. వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పిచ్చి అనుకునేవాళ్లు. నేనూ వినలేదు."

"ఆయన ఎక్కడుంటారు?"

"వెనక సందులో గది. బడి దగ్గర ఎవరో కొట్టారట. నిన్న ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

తమ్ముడు తల దించుకున్నాడు.

"మూడేళ్ల కిందట ఇలాంటి హీటరే, ఇంతే తొట్టి," అన్నాడు యజమాని మెల్లగా. "ఏడేళ్ల పాప చెయ్యి పెట్టింది. దక్కలేదు."

తల్లి పిచ్చుకని దగ్గరికి లాక్కుంది.

"అయ్యో... ఆయన కూతురా?"

"కాదమ్మా, ఆయనకి పిల్లల్లేరు. ఆ హీటర్ అమ్మింది ఆయనే, అప్పట్లో ఈ కొట్టు ఆయనది."