చివరి పోగు

చివరి పోగు కట్టే ముందు ఖాజావలి ఒకసారి తలుపు వైపు చూశాడు. బాబా ఇంకా లేవలేదు.

బల్ల మీద మూడు నైలాన్ దారపు చుట్టలున్నాయి. ఒకటి లావుది, ఒకటి మధ్యరకం, ఒకటి వెంట్రుకంత సన్నది. ఆ వరసలోనే ముడివేసుకుంటూ పోతే తొమ్మిది అడుగుల దారం అవుతుంది. దాని ఒక కొస గాలపు తాడుకు, రెండో కొస ఈకలు చుట్టిన గాలానికి. బాబా దాన్ని లీడర్ అంటాడు.

బాబా అంటే సాల్మియాలోని ఆ ఇంటి యజమాని. రాయచోటి నుంచి వచ్చిన ఖాజావలి ఆయన డ్రైవరు. కువైట్లో డ్రైవరు పని స్టీరింగుతో అయిపోదు, యజమాని సరదాలు కూడా తోలాలి. పన్నెండేళ్లుగా లీడర్లు కట్టేది అతనే.

"చివరి పోగు అన్నిటికన్నా సన్నగా ఉండాలి ఖాజా. మనకు మించింది తగులుకుంటే అది తెగిపోవాలి," అని బాబా వందసార్లు చెప్పి ఉంటాడు.

తెగేది కూడా. పెద్ద చేప తగిలిన ప్రతిసారీ పుటుక్కున తెగేది. బాబా నవ్వేసి "ఖలాస్" అనేవాడు. పక్కనే ఉన్న కొడుకు బదర్, పోయిన చేప ఎంత పొడుగో చేతులు చాపి చూపించేవాడు.

ఇరాకీ సైన్యం వచ్చిన మూడో నెలలో బదర్‌ను ఇంట్లోంచే లాక్కుపోయారు. పది రోజులకు శవాన్ని గుమ్మం ముందు పడేసి పోయారు. ఆ రోజు నుంచి బాబా నవ్వలేదు. అన్నం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేచిపోతాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

సైన్యం పారిపోయి రెండు వారాలైంది. తగలబడుతున్న నూనె బావుల పొగతో పట్టపగలే మసకగా ఉంటోంది. అయినా నిన్న బాబా తనంతట తానే "రేపు సముద్రానికి పోదాం" అన్నాడు. ఆ మాటకు ఖాజావలికి ప్రాణం లేచివచ్చింది. ఒక్క చేప దొరికితే చాలు, ముసలాయన మళ్లీ మనిషవుతాడు.

సన్న దారాన్ని పక్కకు నెట్టి, కొసకు కూడా లావుదే తీసుకున్నాడు.

వంటమనిషి బాలసుబ్బయ్య టీ తెచ్చి అక్కడే నిలబడిపోయాడు. "ఏం వలీ, కొసకు లావు దారం కడతాండావే?"

"గమ్మునుండన్నా. ఇన్నేండ్లూ తెగింది చాలు. ఈ పొద్దు ఆయన చేప పట్టల్ల."

"తెలిస్తే తిడతాడబ్బా."

"తిట్టనీ. ఆ పొద్దు నుంచి నిన్నటిదాకా నోట మాటే లేదు గదా. తిట్టినా నాకు సంతోషమే."

బాలసుబ్బయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అయితే చింతపండు నానేస్తా. మన పులుసంటే బదరుకు..." అంటూ కండువాతో కళ్లు ఒత్తుకుని లోపలికి పోయాడు.

ఖాజావలి ముడిని ఎంగిలితో తడిపి బిగించాడు. చేతికి చుట్టుకుని లాగి చూశాడు. అరచెయ్యి కోసుకుందే గాని దారం తెగలేదు.

తీరంలో కువైట్ సైనికులు రెండు వరసల ఎర్రజెండాలు నాటి, వాటి మధ్య ఇరాకీలు పాతిపోయినవన్నీ ఏరేసి నీళ్లదాకా దారి శుభ్రం చేసిపెట్టారు. బాబా ఆ దారినే నడిచి మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డాడు. ఖాజావలి కారు దగ్గరే ఆగాడు.

ఈ వేటలో దారాన్ని తిన్నగా నీళ్లలోకి విసరరు. ముందు వెనక్కి ఎగరేస్తారు, అది బారుగా విచ్చుకున్నాక ముందుకు వదులుతారు. బాబా ఒకసారి ఎగరేశాడు. రెండోసారి ఎగరేశాడు. వంగిపోయిన భుజాలు మెల్లగా నిటారయ్యాయి.

మూడోసారి దారం ముందుకు రాలేదు. గాలం వెనక ఇసుకలో దేన్నో పట్టుకుంది.

బాబా తల తిప్పి చూశాడు. ఏ ఎండుపుల్లకో తగులుకుందనుకున్నాడో ఏమో, నవ్వాడు. అయిదు నెలల తర్వాత మొదటిసారి, బదర్ ఉన్నప్పటిలాగే నవ్వాడు.

"అల్హందులిల్లా," అనుకున్నాడు ఖాజావలి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెగిపోతుందిలే ఖాజా," అంటూ బాబా ఎప్పటి అలవాటు కొద్దీ గాలపు కర్రను గట్టిగా గుంజాడు.

జెండాల అవతల మిగిలిపోయిన మందుపాతర తీగకు తగులుకున్న ఆ దారం, తెగలేదు.