ఎర్ర డబ్బాలో చాక్లెట్

జిరాక్సు మిషను గుమ్మం దాకా వచ్చేసింది. మోసుకొచ్చిన అటెండర్లు దాన్ని సగం లోపల, సగం బయట దించి, "ఎక్కడ పెట్టమంటారు మేడమ్?" అని హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగారు.

"ఆ మూల. ముందు ఆ ఇసుక పళ్ళేలు అవతల పడేయండి."

"కాస్త ఆగండి మేడమ్," అంటూ టీచరమ్మ మిషనుకి అడ్డంగా నిలబడింది. మెట్ల కిందున్న ఆ చిన్న గదే ఆవిడ లోకం. డిస్లెక్సియా ఉన్న పిల్లలకి, అంటే తెలివికి లోటు లేకపోయినా పుస్తకం తెరవగానే అక్షరాలు తికమక పెట్టే పిల్లలకి, అక్కడ విడిగా చదువు చెబుతుంది. ఇసుకలో వేలితో దిద్దిస్తుంది. చదివే వరస కింద అట్టముక్క జరుపుకుంటూ పోనిస్తుంది. గది పోతే ఆ పిల్లలంతా మళ్ళీ పెద్ద క్లాసులో ఆఖరి బెంచీకే.

"ఎంతకని ఆగను? ఏడాదిగా మీ దగ్గరే ఉందా పిల్ల. ఇందాక నా ముందు ఒక్క వాక్యం చదవలేకపోయింది," అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆ పిల్ల వరండా చివర, మాటలు వినపడనంత దూరంలో, జడ కొస నములుతూ నిలబడి ఉంది. పక్కవాళ్ళు పాఠం చదివితే విని, గడగడా అప్పజెప్పేస్తుంది కాబట్టి బళ్ళో అందరూ దాన్ని చిలక అంటారు.

టీచరమ్మ గొంతు తగ్గించింది. "దానికి చదవడం వచ్చు మేడమ్. రానట్టు నటిస్తోంది."

"నటించడానికి దానికేం పోయేకాలం?"

"వచ్చేసిందంటే పెద్ద క్లాసుకి పంపేస్తామని భయం. అక్కడ నిలబెట్టి చదివిస్తే అందరూ నవ్వారు. ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు. మొన్న ఈ తలుపుకి 'ఇవాళ క్లాసు మేడమీద' అని అంటించాను. నోటితో ఒక్కరికీ చెప్పలేదు. సరాసరి మేడమీదికొచ్చి కూర్చుంది."

"ఎవర్నో అడిగుంటుంది."

"సరే. నేను బతిమాలి చదివిస్తే బట్టీ పట్టించానంటారు. మీరే పరీక్ష పెట్టండి. పరీక్షని దానికి తెలియకూడదు, అంతే."

హెడ్‌మిస్ట్రెస్‌కి పరీక్షలంటే ప్రాణం. కాసేపు ఆలోచించి, హ్యాండ్‌బ్యాగులో అడుగుదాకా చెయ్యి పెట్టి వేలెడంత చాక్లెట్ తీసింది. తీపి ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు.

"ఇది మన మధ్యే ఉండనివ్వండి," అంది. ఆవిడకది ఊతపదం. ఏ మాటకైనా తోకలా తగిలిస్తుంది. చాక్లెట్‌ని చెక్క అక్షరాలుండే ఎర్ర డబ్బాలో పెట్టి మూత వేసింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద తనే గుండ్రంగా రాసింది: ఎర్ర డబ్బాలో చాక్లెట్ ఉంది. నీకే. తినెయ్. ఎవరికీ చెప్పకు.

"ఆ చాక్లెట్ కదిలిందా, గది మీది. కదల్లేదా, మిషనుది."

చిలకని పిలిచి లోపల కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తామని చెప్పి ఇద్దరూ వరండాలోకి నడిచారు. మిషను మోసినవాళ్ళు ఇదే సందని టీ తాగడానికి జారుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ ఊరికే గడియారం చూసుకుంటోంది. టీచరమ్మకి మాత్రం కాళ్ళు నిలవడం లేదు.

తిరిగొచ్చేసరికి చిలక చేతులు కట్టుకుని, చెక్కుచెదరకుండా అదే కుర్చీలో ఉంది. హెడ్‌మిస్ట్రెస్ మూత తీసింది. రంగుకాగితంలో చాక్లెట్ పెట్టింది పెట్టినట్టే ఉంది.

"చూశారా?"

టీచరమ్మ చిలక వైపు చూస్తే అది కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కనపడకుండా వంగి ఇసుక పళ్ళేలు సర్దుకోసాగింది.

హెడ్‌మిస్ట్రెస్ బోర్డు తుడిచేసింది. 'జిరాక్సు గది' అని రాద్దామని సుద్దముక్క కోసం వెతికింది. ఇందాక పెట్టినచోట లేదు. పోనీలెమ్మని చాక్లెట్ అందుకుంది.

"ఇది మాత్రం మన మధ్యే ఉండనివ్వండి," అంటూ కాగితం ఒక కొసన విప్పి, చూడకుండానే నోట్లో పెట్టుకుని కొరికింది.

కటుక్కుమంది. పెదవులు తెల్లబడ్డాయి. తుపుక్కున చేతిలోకి ఉమ్మి చూసుకుంటే సుద్దముక్క.

"ఏమే చిలకా, నా చాక్లెట్ తినేసి సుద్దముక్క చుట్టిపెడతావా? ఈ దొంగబుద్ధులు ఎవరు నేర్పారు నీకు?"

చిలక నిజంగానే నొచ్చుకుంది. ముక్కు ఎర్రబడింది.

"దొంగబుద్ధేంటి మేడమ్? నీకే, తినెయ్, ఎవరికీ చెప్పకు అని బోర్డు మీద మీరేగా రాశారు."