పద్మప్రియ జామచెట్టు

పద్మప్రియ జామచెట్టుకి నలభై రెండు కాయలు. షమీమ్ గోడ ఇవతల నిలబడి లెక్కపెట్టింది. నిన్న నలభై ఒకటే ఉన్నాయి. ఆకుల చాటున దాక్కున్నది ఒకటి ఇవాళ బయటపడి, పొద్దున్నే ఆవిడ కడుపులో పొయ్యి రాజేసింది.

ఏలూరులో ఆ వీధికీ షమీమ్ ఉండే వీధికీ మధ్య రెండు సందులున్నాయి. రైతుబజారు అటు కాదు. భర్త ఖాసిం టైలరింగు షాపూ అటు కాదు. అయినా ఆవిడ కూరల సంచీ మాత్రం రోజూ ఆ గోడ పక్కనుంచే ఇంటికి చేరేది.

గోడ లోపల లేనిదంటూ లేదు. వంగ, టమాటా, దొండపాదు, గుమ్మం పక్కన కరివేపాకు. కార్తీకమాసంలో కూడా చలి ఎరగని ఊరు, ఏది పెట్టినా కాస్తుంది. వాటన్నిటినీ షమీమ్ చూసీ చూడనట్టు వదిలేసేది. జామచెట్టునే ఓర్చుకోలేకపోయింది.

ఆవిడ కూడా జామ పెంచింది మరి. జానెడు మొక్క నాటి, మండవల్లినుంచి కొల్లేటి మట్టి బస్తాలకెత్తించి తెప్పించి పోసింది. చేపలు కడిగిన నీళ్ళన్నీ దానికే పోసింది. అలా ఆరేళ్ళు. పూత వచ్చేది, రాలిపోయేది. గోలీకాయంత పిందె కూడా నిలవలేదు. ఇప్పుడు వాళ్ళ మేడమీది వాటాలో ఉన్నదల్లా డబ్బాలో పుదీనా. దానికేసి చూడ్డానికి కూడా ఆవిడకి మనసొప్పదు.

ఈ పద్మప్రియేమో పాతికేళ్ళ పిల్ల. పార పట్టుకోవడం రాదు. సెల్‌ఫోను కొత్త మోజు, మిట్టమధ్యాహ్నం చెవికి ఫోను ఆనించుకుని మరీ మొక్కలకి నీళ్ళు పోస్తుంది. అలాంటిదానికి నలభై రెండు కాయలు! షమీమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు పద్మప్రియ కంటపడనే పడింది.

"ఏంటాంటీ, రోజూ ఇటే వెళ్తారు, లోపలికి రారేంటండీ? ఉండండి, మా చెట్టు కాయ తిని చూద్దురుగాని."

మా చెట్టు! షమీమ్‌కి ఎక్కడో చురుక్కుమంది.

"వద్దమ్మా, మాకు జామ పడదు," అంది, కాయమీదనుంచి కళ్ళు తిప్పుకోలేకుండానే.

పద్మప్రియ వినిపించుకుంటేనా? రెండు కాయలు కోసి సంచీలో పడేసింది.

"మొదట్లో ఇది ఒట్టి గొడ్డుచెట్టండి. మా అత్తగారొచ్చి, పాత చెప్పూ చీపురూ కట్టవే, సిగ్గొచ్చి కాస్తుందన్నారు. కట్టాను. చూడండి, ఎలా విరగకాసిందో!"

షమీమ్ అప్పుడు చూసింది. కింది కొమ్మకి అరిగిపోయిన హవాయి చెప్పు, పక్కనే చీపురు మొండి. ఆవిడ మొహం కందగడ్డ అయింది. ఎండకి కాబోలు అనుకుంది పద్మప్రియ.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన ఖాసిం ఒక కాయ కొరికాడు.

"అబ్బ, పంచదారే! ఎక్కడ కొన్నావు?"

"కొనలేదండీ. ఆ ఇంట్లోది."

ఖాసిం నమలడం ఆపాడు.

"ఇంకా ఆ వీధికే వెళ్తున్నావా? వాళ్ళ కాయలు వాళ్ళు తింటారు. వదిలెయ్యి షమీమ్."

రెండో కాయ షమీమ్ తింది. లోపల ఎర్రగా ఉంది. వగరుగానో పుల్లగానో ఉంటే ఆవిడకి కాస్త శాంతి దొరికేది. తియ్యగా ఉంది. ఆ తీపికి ఏడుపొచ్చింది, ఏడుపు వెనకాలే కసి పుట్టింది.

గురువారం పద్మప్రియ భీమడోలులో పుట్టింటికి వెళ్తోందని తెలిసింది. గోడ దగ్గర ఆ పిల్లే చెప్పింది, "పన్నెండింటి ప్యాసింజరుకి వెళ్ళి, రెండ్రోజుల్లో వచ్చేస్తానండీ" అని. షమీమ్ పాలక్యానులో రెండు కిలోల కల్లుప్పు పోసి, నీళ్ళు కలిపి మూత బిగించింది. వేళ్ళలోకి దిగితే వారంలో ఆకు మాడిపోతుంది. మాడిపోవాలి. నాకు లేని కాపు ఇంకెవరికీ వద్దు అనుకుంది.

మిట్టమధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తోంది. గేటు సందులోంచి చెయ్యి పెట్టి లోపలి గడియ తీసింది. నేరుగా చెట్టు దగ్గరికి నడిచింది. మూత తీసి క్యాను వంచబోయింది.

గాలికి చెప్పు ఊగి కాండానికి తగిలింది. మళ్ళీ తగిలింది. చెంపమీద కొట్టినట్టే ఉంది ఆ చప్పుడు.

షమీమ్ క్యానుకి మళ్ళీ మూత పెట్టింది. తర్వాత క్యాను తీసుకెళ్ళి వీధికాలవలో బోర్లించింది. వెనక్కొచ్చి చెప్పూ చీపురూ విప్పి అవతల పారేసింది. ఇంటి వెనక కుళాయి కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. బకెట్టు నింపి తెచ్చి, చెట్టు పాదులో చేత్తో మెల్లిగా చల్లుతూ పోసింది. ఒకటి, రెండు, మూడు బకెట్లు.

గేటు కిర్రుమంది. రైలు తప్పిపోయి, బ్యాగుతో తిరిగొచ్చిన పద్మప్రియ అక్కడే నిర్ఘాంతపోయి నిలబడింది.

"ఆంటీ! మీరేంటండీ ఇక్కడ? అయ్యయ్యో, చెప్పు విప్పేశారేంటండీ! మళ్ళీ కాయడం మానేస్తుందండీ!"

"మానేస్తే మాననీ. ఏం తప్పు చేసిందమ్మా, దానికి చెప్పు కట్టావు?" అంది షమీమ్.

"మా చెట్టుకి మేం కట్టుకుంటే మీకెందుకండీ అంత బాధ?"

షమీమ్ పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. తాడు ఒరుసుకున్న కొమ్మని ఒకసారి నిమిరి, ఖాళీ క్యాను పట్టుకుని గేటు దాటింది.

కిందటేడు ఆ అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ, సామాన్లన్నీ బండికెక్కించాక, వెంట తీసుకుపోలేక ఆ జామచెట్టుని గోడ లోపలే వదిలి వెళ్ళింది షమీమే.