రెండు బటన్లు

నాన్నకు మాట పడిపోయింది. నాన్న కోసమే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, కంప్యూటర్ తెరమీద రెండు పెద్ద బటన్లు పెట్టాను: ‘ఇంకా’, ‘చాలు’. మౌస్‌తో నొక్కితే ఆ మాట వినిపిస్తుంది.

సూప్ సగం తాగించాక ‘చాలు’ అంది కంప్యూటర్. ఎగిరి గంతేసి గిన్నె తీసేశాను.

‘చాలు.’

“తీసేశాను కదా! మాట పోయినా మొండితనం పోలేదు నాన్నా నీకు.”

‘చాలు. చాలు.’

ఒక్క నొక్కుకు రెండుసార్లు పలికేలా ఎక్కడో తప్పు రాసుంటాననుకున్నాను. కోడంతా వెతికాను, దొరకలేదు.

“ఏదీ, మళ్లీ నొక్కు.”

నాన్న తెర వైపు చూడలేదు. తనకు ఊపిరి అందిస్తున్న ఆక్సిజన్ మిషన్ వైపు చూస్తూ ఒక్కసారే నొక్కాడు.

‘చాలు.’

నాన్న చేతి కింద నుంచి మౌస్ తీసుకుని ‘ఇంకా’ నొక్కాను.