ఒక సబ్బు బిళ్ళ కోసం

తలుపు తెరిచేదాకా ఆమె బెల్లు మీంచి వేలు తియ్యలేదు.

మూడంతస్తులూ మెట్లెక్కే వచ్చిందేమో, రొప్పుతోంది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. భుజాన సంచి జారిపోతున్నా పట్టించుకునే స్థితిలో లేదు.

తలుపు తీసిన అమ్మాయి చంకలో నాలుగు నెలల పాప. తువ్వాల్లో చుట్టి ఉంది. ఒళ్ళంతా నురగ.

"ఎవరండీ? కొంప మునిగినట్టు ఆ బెల్లేంటి? పాపకి స్నానం చేయిస్తున్నాను."

"ఏ సబ్బుతో?"

అప్పుడు గుర్తుపట్టింది అమ్మాయి. నిన్న సంతలో, ఇంట్లో చేసిన సబ్బులు అమ్ముతూ, వద్దన్నా వినకుండా ఒక బిళ్ళ శాంపిలని చేతిలో పెట్టిన ఆవిడ.

"మీరిచ్చిందే. ఏం?"

"అది పచ్చి సబ్బమ్మా! ఆరినవి పై అరలో పెడతాను, ఆరనివి కింద అరలో. తారుమారయ్యాయి. పాపని ఇలా ఇవ్వు!"

ఇవ్వడం దాకా ఆగలేదు. లాక్కున్నంత పని చేసింది. చెప్పు ఒకటి గుమ్మంలో, ఇంకొకటి హాల్లో వదిలేసి బాత్రూంలోకి నడిచింది.

ఇంట్లో చేసే సబ్బుకి కాస్టిక్ సోడా లేనిదే పనవదు. నూనెలో అది కలిసి, దాని పొగరు చచ్చి, బిళ్ళ గట్టిపడేదాకా వారాల తరబడి ఆరబెట్టాలి. తొందరపడితే పెద్దవాళ్ళ చర్మమే మండుతుంది. ఇక పసిపిల్లల సంగతి చెప్పాలా?

పచ్చి సబ్బన్న ఒక్క ముక్కతో అమ్మాయికి అదంతా అర్థమైంది.

"వెనిగర్ పొయ్యాలా? ఎక్కడో చదివాను..."

"వద్దొద్దు! ఉత్త నీళ్ళే. ఇంకో బకెట్ పట్టు. గోరువెచ్చగా ఉండాలి."

సబ్బులావిడ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పాపని పడుకోబెట్టుకుంది. మగ్గు తర్వాత మగ్గు. నురగ పోయింది. అయినా ఆపలేదు. మెడ కింద మడతలు, చంకలు, చెవుల వెనక, వేళ్ళ సందులు, ఒక్కటీ వదలకుండా చూసింది. పాప మాత్రం హాయిగా ఆమె బొటనవేలు పట్టుకుని ఉంది.

"ఏడవట్లేదేంటండీ? స్పర్శ పోయిందా?" అమ్మాయి పాప కాలివేళ్ళు పట్టి చూసింది.

"ఛ, అవేం మాటలు!"

"మరి ఈ చిటికెన వేలు చూడండి, పక్క వేలి మీదికి ఎక్కిపోయింది!"

"అది సబ్బు వల్ల కాదు తల్లీ. పుట్టుకతో వచ్చిందే."

అమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని, సబ్బుపెట్టెలోంచి ఆ బిళ్ళ తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని నాలుక కొసకి తగిలించి చూసింది. సబ్బులు చేసేవాళ్ళ పరీక్ష అది. ఘాటు మిగిలుంటే నాలుక సుర్రుమంటుంది.

ఆవిడ ముఖం అష్టవంకర్లు తిరిగింది. అమ్మాయి గోడకి చేరగిలబడిపోయింది.

"నా మతి మండా! మావైపూ మా ఆయనవైపూ దగ్గర్లో ఒక్క పెద్దదిక్కు లేదండీ. ఏది మంచో ఏది చెడో చెప్పేవాళ్ళు లేరు. ఎవరేమిచ్చినా పిల్లకి రాసేస్తున్నాను."

ఆవిడ పొడి తువ్వాలుతో పాపని చుట్టి, భుజాన వేసుకుని, వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ నడిచింది.

"అవునూ, మా ఇల్లు మీకెలా తెలిసింది?"

"నిన్న నువ్వే చెప్పావుగా. పార్కు వెనకాల, మూడో అంతస్తు అని."

చెప్పినట్టు అమ్మాయికి గుర్తు లేదు. ఈలోగా ఫోను మోగింది.

"మా ఆయన. డైపర్ల కోసం కిందికెళ్ళారు... హలో! ఆఁ, సరే, వచ్చెయ్యండి. లిఫ్ట్ దగ్గరున్నారా?"

సబ్బులావిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయనకి చెప్పకమ్మా. నీకు పుణ్యముంటుంది."

"అదేంటండీ, పిల్లకి ఇంత గండం గడిస్తే..."

"ఏమీ కాలేదుగా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను వచ్చినట్టే చెప్పకు." అన్నంత పనీ చేసేలా వంగింది.

అమ్మాయి కంగారుపడి వెనక్కి జరిగింది. "అయ్యో, వద్దండీ! ఆయనకి కోపమెక్కువే గానీ, మీరింత హడలిపోవాలా? సరే, చెప్పన్లెండి."

పాపని తల్లి చేతికి ఇచ్చేటప్పుడు ఆవిడ వేలు పాప పిడికిట్లోంచి ఒక పట్టాన రాలేదు. విడిపించుకుంది. సబ్బుని సంచిలో పడేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తింది.

ఒక అంతస్తు దిగిందో లేదో, పైన లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఆమె గోడకి అతుక్కుపోయింది. ఊపిరి బిగబట్టింది.

"తలుపెందుకు తీసుంది? ఎవరొచ్చారు?" మగ గొంతు.

"ఎవరూ లేరండీ. పాప ఒళ్ళు తుడుస్తూ మీ కోసం తీశాను."

తలుపు పడింది. అయినా చాలాసేపు కదల్లేకపోయింది. కడ్డీ పట్టుకుని మిగతా మెట్లు దిగింది. సందు మలుపు తిరిగాక గానీ ఆమెకి గుండె కుదుటపడలేదు.

సంచిలో ఉన్నది మూడు నెలలు ఆరిన మేలైన సబ్బే. కాకపోతే, తల్లి ఎప్పుడో చచ్చిపోయిందని లోకానికి చెప్పుకునే కొడుకు ఇంట్లో మనవరాలిని పది నిమిషాలు ఎత్తుకోవడానికి ఆమెకి అంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు.